అడ్డుకట్టెల జక్రయ్య

అబద్ధం నాకు పడదు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని. రెండు రెళ్లు నాలుగున్నర అని ఎవరైనా అంటే, వాళ్లు నాకెంత కావలసినవాళ్లయినా సరే, నా చెయ్యి సుద్దముక్క కోసం వెతుక్కుంటుంది. అందుకే తాళ్లకట్టపాలెం హైస్కూల్లో చేరి అక్కడ ఇల్లు అద్దెకు తీసుకున్నాక, ఎదురింట్లో ఉండేది జక్రయ్య అని తెలిసి, ఇది నా గ్రహచారం అనుకున్నాను.

జక్రయ్య మిలటరీలో పద్దెనిమిదేళ్లు చేసి వచ్చినవాడు. ఉత్తరాదిన ఎక్కడో గుర్రాల డిపోలో పని. తిరిగొచ్చాక ఊరి చివర పత్తి జిన్నింగు మిల్లులో గేటు దగ్గర కాపలా ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, అరవై దగ్గరపడినా నిటారుగా నిలబడే మనిషి. రోజూ ఖాకీ నిక్కరు, తెల్ల బనీను. ఆదివారం చర్చికి మాత్రం ఇస్త్రీ పంచె. పొద్దున్నే వేప్పుల్ల నోట్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడంటే, నీళ్లకు పోయేవాళ్లూ పాలకు పోయేవాళ్లూ అతని మిలటరీ కబుర్లు విని పోవాల్సిందే.

"ఏడడుగుల గోడండీ టీచరుగారూ. కర్నలు దొరగారి గుర్రం. ముగ్గురు ఉస్తాదుల వల్ల కాలా. నేను పోయి దాని చెవిలో ఒక్క మాట చెప్పా. అంతే, గోడకి అటుపక్కనుంది."

"ఏం చెప్పావు?"

"అది మిలట్రీ రహస్యమండి."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. నేను ఆ ఊరు వచ్చిన కొత్తలో ఐదడుగులే ఉన్న ఆ గోడ, పన్నెండేళ్లలో నా కళ్ల ముందే ఏడడుగులకు పెరిగింది. ఊళ్లో ఎవరు కోతలు కోసినా "జక్రయ్య గుర్రం" అనడం అలవాటైపోయింది. ఎకరానికి పది బస్తాలు పండించినవాడు ఇరవై అన్నాడనుకోండి, "అది జక్రయ్య గుర్రంలేరా" అని తీసిపారేసేవాళ్లు. ఆ మాట అతని చెవిన పడేది. వేప్పుల్ల ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చుకుని, విననట్టు ఊరుకునేవాడు. అప్పుడైనా నాకు జాలి కలగాల్సింది. కలగలేదు. నా స్వభావం అలాంటిది.

మా ఊరికీ చిలకలూరిపేట రోడ్డుకీ మధ్య మూడు కిలోమీటర్లు. బస్సు ఎక్కాలంటే సుభానీ జట్కాయే గతి. అతని గుర్రం పేరు బిజిలీ. ఎర్రటి ఆడగుర్రం, నుదుట తెల్ల చుక్క. ఎనభై నాలుగు నవంబరు వానలకు దారిలో వాగు చప్టా మీదుగా నీళ్లు పారుతున్నాయి. కింద బండ విరిగిన సంగతి ఎవరికీ కనపడలేదు. బిజిలీ ముందుకాలు ఆ సందులో దిగబడి, జట్కా పక్కకు ఒరిగిపోయింది. ఆ జట్కాలో నేనూ ఉన్నాను. నాకు మోచెయ్యి గీరుకుంది. నా గొడుగూ, ఎనిమిదో తరగతి పరీక్ష పేపర్లూ వాగులో కలిశాయి. ఆ సెక్షన్ సెక్షనంతా సుభానీకి లోలోపల దణ్ణాలు పెట్టుకుని ఉంటుంది.

గుర్రం కాలు పది రోజుల్లో మానింది. భయం మానలేదు. దారికి అడ్డంగా ఏది కనపడ్డా బిజిలీ ఆగిపోయేది. బోరింగు దగ్గర నుంచి పారిన నీటిచార, ఎవరో పారేసిన తాడుముక్క, చివరికి కరెంటు స్తంభం నీడైనా సరే. నాలుగు కాళ్లూ పాతేసినట్టు నిలబడి, చెవులు వెనక్కి పెట్టి, ఒళ్లంతా వణికేది. సుభానీ చెర్నాకోల ఎత్తేవాడు గానీ కొట్టడానికి చేతులు రాక దించేసేవాడు. మేం దిగి నడిచి పోయేవాళ్లం.

అసలు బెంగ జట్కా గురించి కాదు, గంధం గురించి. మా ఊరి దర్గా దగ్గర మార్చిలో గంధం ఊరేగింపు తీస్తారు. చాలా చోట్ల అది రాత్రిపూట. మా ఊళ్లో పొద్దు వాలకముందే. దర్గా ముందు నాలుగడుగుల పిల్లకాలువ ఒకటుంది. పూర్వం ఆ పీరుగారి గుర్రం ఆయనతో సహా ఆ కాలువ దూకి, అవతల నిలబడిపోయిందట. అందుకని గంధం గిన్నె కాలువ దాకా వచ్చాక, ముందు గుర్రం దూకాలి, ఆ వెనకే గిన్నె దాటాలి. ఆ గుర్రాన్ని తెచ్చే వంతు సుభానీ వాళ్ల ఇంటిది. వాళ్ల తాత నాటి నుంచీ ఒక్క ఏడాది కూడా తప్పలేదు.

సంక్రాంతి వెళ్లిన వారానికి సుభానీ తల్లి జానీబీ మా వీధిలోనే నిలబడి కొడుకును కేకలేసింది. "తాడుముక్క దాటలేంది కాలువేం దూకిద్దిరా? ఈ ఏడు నలుగుర్లో తలెత్తుకోగలమా?"

"గంధం దాకా చూస్తానమ్మా," అన్నాడు సుభానీ. "అప్పటికీ దూకకపోతే ఇటుకబట్టీ వాళ్లకి ఇచ్చేస్తా. అడుగేయని గుర్రాన్ని పెట్టుకుని జట్కా ఎట్టా తోలేది?"

ఇటుకబట్టీకి వెళ్లిన గుర్రం మళ్లీ తిరిగి రాగా ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. అందరం బిజిలీ వైపు చూశాం. అది నిశ్చింతగా మా గుమ్మం పక్కన గడ్డి పీకుతోంది.

అప్పుడు అరుగు మీంచి జక్రయ్య లేచాడు. "నాకొదులు సుభానీ. రెండు నెల్లు. నేను దూకిస్తా."

వీధి వీధంతా నవ్వింది. ఎవరో "జక్రయ్య గుర్రం!" అని అరిచారు కూడా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? కానీ నా నోరు ఊరుకోదు. "సరే జక్రయ్యా," అన్నాను నలుగురి ముందూ. "గంధం నాడు ఇది కాలువ దూకితే నీ ఏడడుగుల గోడ కూడా నమ్ముతాను. దూకకపోతే మాత్రం ఈ వీధిలో ఇంక మిలటరీ ఊసెత్తకూడదు."

అతని మొహం తెల్లబోయింది. నేను చూశాను. ఎందుకో ఆలోచించలేదు. "అట్టాగేనండి," అన్నాడు.

జక్రయ్య బిజిలీని తీసుకుపోయే మిల్లు వెనక ఖాళీ స్థలానికీ మా బడికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డు. సాయంత్రం బడి వదిలాక ఆ గోడ దగ్గర నిలబడి చూడటం నాకు పనైపోయింది. అతని అబద్ధం పట్టుకోవడానికే వెళ్లాను, దాచేదేముంది.

మొదటి నాలుగు రోజులూ జక్రయ్య ఏమీ చేయలేదు. ఉడకేసిన ఉలవలు తెచ్చి బిజిలీకి పెట్టి, దాని పక్కన నేల మీద కూర్చునేవాడు. ఐదో నాడు ఒక తాడు నేల మీద అడ్డంగా పరిచాడు. బిజిలీ ఆగిపోయింది. ఇప్పుడు చెవిలో మిలటరీ రహస్యం చెబుతాడు కాబోలని నేను మునివేళ్ల మీద లేచి చూశాను. చెవి దగ్గరికే పోలేదు. పగ్గం వదులు చేసి, గుర్రానికి వీపు తిప్పి, తాడును తనే మెల్లగా దాటాడు. దాటి, వెనక్కి చూడకుండా, నడుముకున్న సంచిలోంచి బెల్లంముక్క తీసి నమలడం మొదలుపెట్టాడు. అరగంట పట్టింది. బిజిలీ మెడ చాపింది, ముక్కుతో తాడును చూసింది, ఒక కాలేసింది, ఇంకో కాలేసింది. దాటాక అతని భుజం మీద మూతి పెట్టింది. సగం బెల్లం దానికిచ్చి, పగ్గం పట్టుకుని ఇంటిదారి పట్టాడు.

"ఒక్కసారేనా?" గోడ మీంచి అరిచాను.

"దాటిన కాడే ఆపాలండి. ఇంటికి పోయి, దాటాననుకుంటది. భయపడ్డ కాడ ఆపితే, భయాన్నే ఎంటబెట్టుకు పోద్ది."

ఆ మాట నాకు గుచ్చుకుంది. అప్పటిదాకా నేను రోజూ పిల్లలకు రాని లెక్క దగ్గరే గంట కొట్టించి, "పోయి ఆలోచించుకోండి" అని ఇంటికి పంపేదాన్ని. మర్నాడు ఏడో తరగతిలో అందరికీ వచ్చిన లెక్క ఒకటి చేయించి పుస్తకాలు మూయించాను. పిల్లలు అనుమానంగా చూశారు.

తాడు తరవాత వెదురుబొంగు. బొంగు కింద ఒక ఇటుక, ఆపైన రెండు. సుభానీ కూడా వచ్చి నేర్చుకునేవాడు. తొందరపడి పగ్గం లాగినప్పుడల్లా జక్రయ్య కసిరేవాడు. "లాగమాకు! లాగితే అది నీ చెయ్యి చూసుద్ది, అడ్డం చూడదు." ఫిబ్రవరి నడిమికి మోకాలెత్తు బొంగును బిజిలీ చెవులు నిక్కబొడుచుకుని దాటేస్తోంది. ఇతను చెప్పిందంతా నిజమేనేమో అని నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

కాలువ అంటే ఎత్తు కాదు, వెడల్పు. అందుకని జక్రయ్య, దర్గా పక్కన మిరపకల్లం ఉన్న వెంకయ్యను అడిగి పాత టిక్కీ గోతాలు తెచ్చాడు. మా వైపు మిరపకాయలు తొక్కి యార్డుకు పంపే గోతాలు అవి. వాటిలో వరిగడ్డి కూరి, మూడడుగుల వెడల్పున పక్కపక్కనే పేర్చాడు. బిజిలీ ఉషారుగా వచ్చింది. గోతాలు రెండు గజాలున్నాయనగా ఆగి, తల విదిలించి, బుసకొట్టి, వెనక్కి తిరిగింది. మళ్లీ తెచ్చాడు. మళ్లీ అంతే. ఎనిమిది రోజులు అదే తంతు. ఆఖరికి గోతాల పక్కన పరిచిన తాడు దాటడానికి కూడా మొరాయించింది. నెలన్నర కష్టం మొదటికొచ్చింది.

ఆ శనివారం నేను వెళ్లేసరికి జక్రయ్య ఆ గోతాల మీదే కూలబడి ఉన్నాడు. సుభానీ బిజిలీని పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. గోడ చుట్టు తిరిగి లోపలికి వెళ్లాను.

"టీచరుగారూ, మీకో మాట చెప్పాలండి," అన్నాడు, నా మొహం చూడకుండా. "నేను ఏ గుర్రాన్నీ దూకించలేదండి. సైసుని నేను. లద్దె ఎత్తేవాణ్ణి, నీళ్లు పెట్టేవాణ్ణి. దూకించేది ఉస్తాదులు. గుర్రం కాలు తగిలి అడ్డుకట్టె పడిపోతే, ఉరికెళ్లి ఎత్తి మళ్లీ పెట్టేవాణ్ణి. పద్దెనిమిదేళ్లూ అదే పని. ఒక్కనాడూ గుర్రం ఎక్కిన పాపాన పోలా."

"మరి ఈ తాడూ, బెల్లమూ, ఇదంతా ఎక్కడ నేర్చావు?"

"చూశానండి. కట్టె పక్కన నిలబడ్డోడికి అందరికన్నా బాగా కనపడుద్ది. ఏ గుర్రం ఎందుకాగింది, ఎవుడు లాగాడు, ఎవుడు వదిలాడు, అంతా చూశా. చూడ్డమే. ఊరొచ్చినాక సైసునని చెప్పటానికి సిగ్గేసింది. లద్దె ఎత్తటానికి అంత దూరం పోవాలంట్రా అంటారని." కళ్లు తుడుచుకున్నాడు. "నా కోతలకి ఆ మూగజీవం బట్టీకి పోతంది."

పన్నెండేళ్లుగా ఆ ఒప్పుకోలు కోసమే కాచుకుని ఉన్నదాన్ని. తీరా విన్నాక సంతోషం కలగలేదు సరికదా, నాకూ ఏడుపొచ్చింది. నలుగురిలో పందెం వేసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. "ఇంకా పదిహేను రోజులుంది. లే," అన్నాను విసురుగా. నాకు మెత్తగా మాట్లాడటం రాదు.

సరిగ్గా అప్పుడే జక్రయ్య కోడలు రెబ్కా మామకు టీ తెచ్చింది. జనవరిలో పెళ్లయి పొన్నూరు నుంచి వచ్చిన కొత్తకోడలు. వరిచేల మధ్య పెరిగిన పిల్ల. గోతాల దగ్గరికి వచ్చి గ్లాసు అందించబోయి తుమ్మింది. మళ్లీ తుమ్మింది. వరసపెట్టి ఏడు తుమ్ములు. టీ సగం నేలపాలైంది.

"ఏందమ్మా, జలుబా?"

"జలుబేంది మావయ్యా! ఆ మిరక్కాయ గోతాల మీద ఎట్టా కూకున్నారు? ఘాటుకి కళ్లు పోతన్నాయి!"

"ఘాటా? ఖాళీ గోతాలు తల్లీ. అందులో ఉంది వరిగడ్డి."

"మీకు తెలియట్లేదా? నిజంగా?" అని ఆ పిల్ల చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పది అడుగులు వెనక్కి పోయింది.

జక్రయ్య గోతం వాసన చూశాడు. ఏమీ లేదన్నాడు. సుభానీ చూశాడు, అతనికీ ఏమీ తెలియలేదు. నేనూ ముక్కు ఆనించి చూశాను. గోనెపట్టా వాసన, అంతే. పట్నంలో బ్రాడీపేట నుంచి ఆ ఊరికి వచ్చిన మొదటి ఏడాది మిరపకాయల కాలమంతా ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని పాఠం చెప్పినదాన్ని నేనే. ఆ తరవాత నా ముక్కూ ఆ ఊరిదైపోయింది, ఆ సంగతే మరిచిపోయాను.

ముగ్గురం ఒక్కసారే బిజిలీ వైపు తిరిగాం. దాని కళ్ల చివర నీటిచారలున్నాయి. ముక్కు పుటాలు ఎర్రగా ఉన్నాయి. కల్లాల పక్కనుంచి పోయేటప్పుడు అది తల పక్కకు తిప్పుకుని నడవడం రోజూ చూసేవాళ్లమే, దాని అలవాటనుకున్నాం. పాపం, అది ఎనిమిది రోజులుగా భయపడి ఆగలేదు. ఘాటుకు తట్టుకోలేక ఆగింది.

జక్రయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆ డిపోలో మిరక్కాయల్లేవండీ టీచరుగారూ! ఉస్తాదులకైనా ఏం తెలుసుద్ది!"

గోతాలు వెళ్లిపోయాయి. పత్తి తీత అయిపోయి పీకిన పత్తికట్టె ఊరి నిండా ఉంది. దాన్ని మోపులు కట్టి వెడల్పుగా పేర్చాడు. మళ్లీ తాడు దగ్గర మొదలెట్టాడు, దాటినచోటే ఆపాడు. నాలుగో నాటికి బిజిలీ ఆ మోపుల మీంచి నాలుగడుగుల వెడల్పు దూకింది. సుభానీ నాకూ రెబ్కాకూ ఇద్దరికీ సలాం చేశాడు.

మిగిలిన చిక్కు వెంకయ్య కల్లం. కాలువ ఇవతలి గట్టంతా అతని మిరపకాయలే ఆరబోసి ఉన్నాయి. జక్రయ్య వెళ్లి అడిగాడు.

"గుర్రం తుమ్ముద్దని ఎండే కాయలు మూసుకోవాలా? బాగుందయ్యా వరస!" అన్నాడు వెంకయ్య.

"ఒక్క పూట వెంకయ్యా."

"సరే, చూద్దాంలే," అని అవతలికి పోయాడు.

గంధం రోజు రానే వచ్చింది. తప్పెట్లు, సాంబ్రాణి పొగ, ఊరంతా కాలువ గట్టు మీదే. నేను ముందు కల్లం వైపు చూశాను. ఆ చివర నుంచి ఈ చివర దాకా పట్టాలు కప్పి ఉన్నాయి. ఒక పట్టా అంచు మీద వెంకయ్యే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "గాలికి లేచిద్దని కూకున్నానండీ," అన్నాడు, నేనేమీ అడగకుండానే.

మల్లెపూల దండ మెళ్లో వేసుకుని బిజిలీ వచ్చింది. పగ్గం సుభానీ చేతిలో ఉంది. వెనక గంధం గిన్నె. కాలువ అంచు దాకా బాగానే వచ్చింది. ఎండకు నీళ్లు తళుక్కుమన్నాయి. బిజిలీ ఆగిపోయింది. నాలుగు కాళ్లూ పాతేసినట్టు నిలబడింది. చెవులు వెనక్కి పోయాయి. తప్పెట్లు ఆగిపోయాయి. జానీబీ కళ్లు మూసుకుంది. వెనక ఎక్కడో "జక్రయ్య గుర్రం" అన్న మాట వినపడింది. సుభానీ చెయ్యి పగ్గం మీద బిగుసుకుంది.

"లాగమాకు," అన్నాడు జక్రయ్య.

ఆరోజు ఆదివారం కాకపోయినా ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చాడు. సుభానీ చేతిలోంచి పగ్గం తీసి, బిజిలీ మెడ మీద వదులుగా వేశాడు. దానికి వీపు తిప్పాడు. పంచె ఎగగట్టాడు. నాలుగడుగులు పరిగెత్తి కాలువ మీదికి దూకాడు.

దూకాడు గానీ, అరవై ఏళ్ల కాళ్లు! అవతలి గట్టు ఇంకో అడుగు ఉందనగా దబ్బున నీళ్లలో పడ్డాడు. నడుము దాకా బురద. నవ్వాలో ఏడవాలో ఎవరికీ తెలియలేదు. అతను మాత్రం వెనక్కి తిరగలేదు. ఆ బురదలోనే, గుర్రానికి వీపు పెట్టి కూర్చుని, నడుముకున్న సంచిలోంచి బెల్లంముక్క తీసి, ఏమీ జరగనట్టు నమలడం మొదలుపెట్టాడు. మా ఇంటిదేవుణ్ణీ ఆ పీరుగారినీ ఇద్దర్నీ ఒకేసారి మొక్కుకున్నాను.

బిజిలీ మెడ చాపి ఆ వీపు వంక చూసింది. చిన్నగా సకిలించింది. చెవులు ముందుకొచ్చాయి. రెండడుగులు వెనక్కి వేసింది. ఆ తరవాత నాకు కనపడింది, గాల్లో ఎర్రటి పొట్టా, కింద నోట్లో బెల్లంతో జక్రయ్యా. అవతలి గట్టు మీద నాలుగు కాళ్లూ ఆనాయి. ఒళ్లు దులుపుకుని, వెనక్కి తిరిగి, అది బెల్లం కోసం మూతి కిందికి చాచింది.

ఇటుకబట్టీ మాట సుభానీ మళ్లీ ఎత్తలేదు. బిజిలీ ఆ తరవాత ఇంకో ఐదు గంధాలు దూకింది. మా ఊరికి ఆటోలు వచ్చాక కూడా నేను జట్కాలోనే పోయేదాన్ని.

ఆరోజు సంగతి ఇంకొకటి మిగిలింది. గంధం అయ్యాక దర్గా పెద్దలు జక్రయ్యకు పూలదండ వేసి, మైకు చేతికిచ్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. బురద ఆరి పంచె అట్టకట్టుకుపోయి ఉంది. గొంతు సవరించుకున్నాడు.

"నేను ఉస్తాదుని కాదండి. ఇన్నాళ్లూ అబద్ధం చెప్పా. మిలట్రీలో సైసుని. అడ్డుకట్టెలు ఎత్తిపెట్టేవాణ్ణి, అంతే."

ఆ వెంటనే కల్లం వైపు నుంచి వెంకయ్య కేక. "ఊరుకోవయ్యా! పనొచ్చినోళ్లంతా ఇట్టాగే అంటారు!" జనం చప్పట్లు కొట్టారు. జక్రయ్య ప్రమాణం చేసినా వినలేదు. "లద్దె ఎత్తేవాణ్ణి" అంటే "ఎంత అణకువో చూడు" అని జానీబీ కళ్లొత్తుకుంది. పన్నెండేళ్లు అతని అబద్ధాన్ని నమ్మనివాళ్లు ఇప్పుడు నిజాన్ని కూడా నమ్మం పొమ్మంటున్నారు.

దిక్కుతోచక అతను నా వైపు తిరిగాడు. "టీచరుగారూ, మీరు అబద్ధం ఆడరుగా. మీకు తెలుసుగా. మీరన్నా చెప్పండి."

ఊరంతా నా వైపు చూసింది. జక్రయ్య నిటారుగా, బురదలో ముంచి తీసినట్టు, కళ్లు ఆర్పకుండా చూస్తున్నాడు. వెనక బిజిలీ అతని మెళ్లోని దండలోంచి బంతిపూలు ఒక్కొక్కటే లాగి తింటోంది.

"మిలటరీ సంగతులు నాకేం తెలుసు జక్రయ్యగారూ, లెక్కల టీచర్ని," అన్నాను. "ఏడడుగుల గోడ అని మాత్రం విన్నాను."

అతన్ని గారూ అని పిలవడం నాకు అదే మొదటిసారి. తెలిసి తెలిసి అబద్ధం ఆడటమూ అదే మొదటిసారి.